మూలన పడ్డ శకటు

పులికాట్ సరస్సు ఒడ్డున తడ ఉంది. అక్కడి నుంచి శ్రీసిటీ దాటితే సత్యవేడు. దొమ్మరాజు గుకేశ్ పుట్టి పెరిగింది చెన్నైలోనైనా, వాళ్ల కుటుంబానిది సత్యవేడు ప్రాంతమే. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో 18 ఏళ్లకే అతను చదరంగంలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1985లో 22 ఏళ్ల కాస్పరోవ్ నెలకొల్పిన రికార్డు చెరిగిపోయింది. ప్రత్యర్థి డింగ్ లిరెన్ పొరపాటు చేయబట్టే గెలిచాడని అప్పుడు చాలామంది అన్నారు. చివరి ఆటను ఎత్తు ఎత్తుగా చూస్తే ఆ మాట నిలవదు.

ఆ పోటీలో 13 ఆటల తర్వాత ఇద్దరివీ చెరి 6.5 పాయింట్లు. 14వ ఆటలో తెల్లపావులు డింగ్‌వి. ఓపెనింగ్ రివర్స్‌డ్ గ్రూన్‌ఫెల్డ్. వియన్నా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ 1922లో ప్రచారంలోకి తెచ్చిన డిఫెన్స్‌లో నల్లపావులవాడు నడిమి గళ్లను ఎదుటివాడికి వదిలేసి, పక్కనుంచి శకటుతో వాటిపై గురిపెడతాడు. డింగ్ ఆ అమరికనే తెల్లపావులతో వేశాడు. ముందు ఆడేది తనే గనుక ఒక ఎత్తు కలిసొస్తుంది. కానీ అతను పోరుకు దిగలేదు. 29వ ఎత్తులో బంటును వదులుకుని, మంత్రులు మార్చుకుని డ్రా కోసం చూశాడు.

ఇక ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు మిగిలాయి. గుకేశ్‌కు 3 బంట్లు, డింగ్‌కు 2, అన్నీ ఒకే వైపు. జాగ్రత్తగా కాచుకుంటే ఇది డ్రాయే. అయినా గుకేశ్ వదల్లేదు. రాజును కొంచెం కొంచెంగా ముందుకు నడుపుతూ, ప్రతి ఎత్తుకూ డింగ్ ఆలోచించక తప్పని పరిస్థితి తెచ్చాడు. తెల్ల శకటు ఏ8 మూలకు చేరింది.

55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు జరిపి మార్పిడికి పెట్టాడు. అదే ఆ పొరపాటు. ఏనుగులు పోయాక గుకేశ్ శకటును డీ5లో నిలిపాడు. మూలనున్న తెల్ల శకటుకు ఉన్నది ఆ ఒక్క వాలుదారే. నల్ల శకటును కొట్టకపోతే అదే ఊరికే పోతుంది, కాబట్టి మార్పిడి తప్పదు. ఆ తర్వాత మిగిలేవి 5 పావులు. 7 పావుల దాకా దాదాపు ప్రతి స్థితికీ ఫలితాన్ని మాస్కోలోని లోమొనొసోవ్ సూపర్‌కంప్యూటర్ మీద 2012లోనే లెక్కగట్టేశారు. ఇక్కడ ఆ లెక్క నలుపు గెలుపనే చెబుతుంది. రాజులు ఈ3, ఈ5 గళ్లలో ఎదురెదురుగా నిలిచారు, వంతు తెలుపుది. తెల్లరాజు పక్కకు తప్పుకోవాలి, నల్లరాజు లోపలికి రావాలి. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. గుకేశ్ కన్నీళ్లతోనే పావులన్నిటినీ తిరిగి వాటి గళ్లలో సర్దాడు.

డ్రా చేతిలో ఉన్నా గంటల తరబడి గెలుపును వెతికాడు గనుకే ఆ పొరపాటు వచ్చింది. అందుకే ఇది అదృష్టం కాదు, అతని కష్టార్జితం.

55వ ఎత్తుకు ముందున్న స్థితిని మీరూ బోర్డు మీద పెట్టి చూడండి. తెలుపు: రాజు జీ1, ఏనుగు ఎఫ్4, శకటు ఏ8, బంటు జీ3. నలుపు: రాజు ఈ5, ఏనుగు బీ2, శకటు ఈ6, బంట్లు ఎఫ్5, జీ4. వంతు తెలుపుది. ఏనుగులు మారకుండా కాచుకోండి.