మైనస్ 61 కిలోల డి.ఏ.పి.

పాలలో నీళ్లు కలిపే లెక్కంటే మనలో చాలామందికి విసుగే. నంద్యాలలో బి.ఎస్సీ. చదువుతున్న నాకూ అంతే, 2025 ఖరీఫ్ దాకా. ఆ యేడు యూరియాకు కటకట. ఆళ్లగడ్డ దగ్గర మా ఎకరా వరికి కె.సి. కాలువ నీళ్లయితే వచ్చినాయి గాని, అంగట్లో యూరియా దొరికింది ఒక్క మూటే.

"ఏంరా సదువుకున్నోడా, ఒగ మూటతో ఎట్ల సరిపెడదాం?" అన్నాడు నాయన.

ఎకరాకు నత్రజని 40 కిలోలు, భాస్వరం 23 కిలోలు అనుకున్నాము (అందరి చేలకూ ఇదే కాదు సుమా!). మూట మీది అంకెలు నూరు కిలోల ఎరువులో ఏది ఎంతుందో చెబుతాయి. డి.ఏ.పి. 18–46–0, అంటే నత్రజని 18, భాస్వరం 46. కాంప్లెక్సు 20–20–0–13లో రెండూ ఇరవయ్యే, చివరి 13 గంధకం. యూరియాలో నత్రజని 46, భాస్వరం సున్న.

అసలు యూరియా లేకుండానే కుదురుతుందేమో చూశాను. డి.ఏ.పి. 'డ' కిలోలు, కాంప్లెక్సు 'క' కిలోలు అనుకొని, నూరుతో హెచ్చించి రాస్తే:

18డ + 20క = 4000
46డ + 20క = 2300

తీసివేస్తే 28డ = –1700. డి.ఏ.పి. సుమారు మైనస్ 61 కిలోలు! రెండుసార్లు చేసినా అంతే. ఈ రెండు ఎరువులలోనూ నత్రజని భాస్వరాన్ని మించదు, మాకేమో ఒకటిముప్పావు రెట్లు కావాలి. ఏ పాళ్లలో కలిపినా మిశ్రమం ఆ రెండింటి నడుమే ఉంటుంది గదా. వన్నె తక్కువ బంగారాలు రెండు కరిగిస్తే మేలిమి వస్తుందా? (బంగారాలు కలిపే లెక్కలు తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుని గణితసార సంగ్రహంలోనే ఉన్నాయి. పావులూరి మల్లన దాన్ని తెనిగించాడు.) "ఈ సరుకుతో కాదు పో" అని సమీకరణం చెప్పే తీరే ఆ మైనస్. పరీక్షలో అయితే కొట్టేసి మళ్లీ చేసేవాణ్ణి!

ఇక 45 కిలోల యూరియా మూటలో నత్రజని 20.7. కావలసింది ఇంకా 19.3:

18డ + 20క = 1930
46డ + 20క = 2300

28డ = 370. డి.ఏ.పి. సుమారు 13.2, కాంప్లెక్సు 84.6 కిలోలు. సరిచూస్తే నత్రజని 2.4 + 16.9 + 20.7 = 40, భాస్వరం 6.1 + 16.9 = 23.

నాయన నవ్వినాడు. "పదమూడు కిలోలు ఎవడిస్తాడ్రా? డి.ఏ.పి. మూటంటే యాభై. కాంప్లెక్సే రెండు మూటలు దమ్ములో ఏసి, యూరియా రెండు దఫాలు సల్లితే?"

వేసి చూశాను. నత్రజని 40.7, భాస్వరం 20. మూడు కిలోల భాస్వరమే తక్కువ. ఏ ఎరువు ఎప్పుడు వేయాలన్నది నా సమీకరణాల్లో లేనే లేదు.

లోటు సంగతి చెప్పాను. పక్క చేని పెదనాయన డి.ఏ.పి. మూట విప్పినాడని, బకెట్టు చేతికిచ్చి నన్ను పంపినాడు.