లేఖినికి ముందు తరాలు

పర్చూరు అన్న పేరులో కంటికి కనిపించేవి మూడక్షరాలే. కంప్యూటరు దాన్ని ఏడు ముక్కలుగా దాచుకుంటుంది: ప, ర, పొల్లు, చ, కొమ్ముదీర్ఘం, మళ్లీ ర, కొమ్ము. లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాల పట్టికగా 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 గళ్లు కేటాయించింది. ఈ ముక్కలన్నీ ఆ గళ్లలోవే.

పేచీ అంతా నడిమి అక్షరంతోనే. నోటితో పలికేటప్పుడు ముందు ర్, తర్వాత చ్, ఆపైన ఊ. చేత్తో రాసేటప్పుడు మాత్రం దీర్ఘాన్ని రకారానికి తగిలిస్తాం, చకారం కిందికి దిగి వత్తవుతుంది. మన పాత డీటీపీ ఫాంట్లు నోటిని కాక చేతిని నమ్ముకున్నాయి. ఇంగ్లీషు అక్షరాలుండే చోట్లలో తలకట్లు, గుడులు, వత్తులు విడివిడిగా సర్దేశాయి. కాగితం మీద అచ్చు ముచ్చటగానే పడేది. అదే ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. పైగా ఒక ఫాంటు లెక్క ఇంకోదానికి పట్టదు. తెలుగు దినపత్రికలు నెట్‌లోకి వచ్చినప్పుడూ ఇదే తంతు. పత్రికకో ఫాంటు. చదువుకోవచ్చు గానీ, వెతికితే ఒక్క ముక్క దొరికేది కాదు.

టైపు చేసే తిప్పలు వేరే. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసే పద్ధతి ఒకటి కట్టారు. దాని పేరు ఆర్‌టీఎస్. చిన్న 'యు' కొడితే పర్చురు, పెద్ద 'యు' కొడితే పర్చూరు. చిన్న 'ఎన్' అయితే న, పెద్దదైతే ణ. ఇంగ్లీషు మీటలతో తెలుగేమిటని మూతి తిప్పుకునేవాళ్లు తిప్పుకోవచ్చు. మీటమీటకూ నేరుగా తెలుగు అక్షరమే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకునే ఓపిక లేని నాలాంటివాళ్ల చేత తెలుగు రాయించింది మాత్రం అదే.

ఈలోగా అమెరికాలో ఇంకో కథ నడుస్తోంది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక ప్రోగ్రామింగ్ భాష తయారు చేశాడు. అదే జావాస్క్రిప్ట్. ఆ హడావుడిలో మిగిలిన లొసుగులను ప్రోగ్రామర్లు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటారు, వాడుతూనే ఉంటారు. 1998 మార్చి 31న ఆ కంపెనీ తన బ్రౌజరు సోర్స్ కోడ్‌ను జనం ముందు పెట్టేసింది. ఓపెన్ సోర్స్ అన్న పేరు పుట్టిందీ ఆ ఏడాదే. ఆ కోడు వంశంలోదే 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్. జావాస్క్రిప్ట్ తెలిస్తే చాలు, దానికి ఎవరైనా ఒక కొత్త పని నేర్పవచ్చు.

తెలుగు పని నేర్పినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. ఆయన ఫైర్‌ఫాక్స్ కోసం రాసిన 'పద్మ' అనే పొడిగింత, పత్రికల పేజీల్లోని ఫాంటు ముక్కలను చదివి, చ వత్తును ముందుకు లాగి, దీర్ఘాన్ని దాని వెనక్కి నెట్టి, పేజీని యూనికోడ్‌లో చూపించేది. ఆర్‌టీఎస్‌నూ తెలుగు చేసేది. కోడును ఆయన జీపీఎల్ కింద వదిలారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన ఆ లైసెన్సు చెప్పేది ఇంతే: తీసుకో, మార్చుకో, పంచుకో, నువ్వు పంచేటప్పుడూ కోడు దాచకు.

2006లో వీవెన్ ఆ పద్మ కోడునే ఆధారం చేసుకుని ఒక వెబ్ పేజీలో రెండు పెట్టెలు పెట్టారు. పై పెట్టెలో ఇంగ్లీషు మీటలతో కొడుతుంటే కింద తెలుగు వస్తుంటుంది. అదే లేఖిని. ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. ఇంటర్నెట్ సెంటర్లో అరగంట అద్దెకు కూర్చున్నవాడు కూడా తెలుగులో రాసుకోవచ్చు. అందులో కొత్తగా కనిపెట్టింది తక్కువేనని ఎవరైనా అంటే నేను కాదనను. ముందువాళ్లు కోడుకు తాళం వేసి ఉంటే ఆ తక్కువ కూడా కుదిరేది కాదు.

డీటీపీ షాపులు నడిపేవారికి, సొంతంగా పుస్తకాలు వేసుకున్నవారికి ఒక మాట. పాత ఫాంట్లలో ఉన్న ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి ఇంకో కాపీ దాచిపెట్టండి. మార్చిపెట్టే ఉచిత సాధనాలు ఉన్నాయి. ఆ ఫాంట్లు నడిచే కంప్యూటర్లు ఇంకా పనిచేస్తున్నప్పుడే ఆ పని కానివ్వండి.