కడలి అడుగున బంధుత్వపు తీగ

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు దగ్గరగా కలిసే ప్రాంతంలో ఉంది కామారెడ్డి జిల్లాలోని మద్నూర్. ఏ దిక్కుకు వెళ్లినా సముద్రం వందల కిలోమీటర్ల దూరమే. అయినా ఈ ప్రాంతపు మాటలు నిత్యం సముద్రాన్ని దాటుతూనే ఉంటాయి. పాత నిజామాబాద్ జిల్లా నుంచి ఎందరో జీవనోపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఒకప్పుడు వారి క్షేమ సమాచారం ఉత్తరాల్లోనూ, క్యాసెట్లలో నింపి పంపిన గొంతులోనూ వచ్చేది. నేడు బిడ్డ తన తండ్రి ముఖాన్ని ఫోనులో చూస్తూనే మాట్లాడుతున్నది.

ఈ మాటలన్నీ ఆకాశంలోని ఉపగ్రహాల మీదుగా వస్తాయని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. ఖండాల మధ్య సాగే సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రం అడుగున పరచిన తీగల గుండానే ప్రవహిస్తుంది. లోతైన నీటిలో ఈ కేబుల్ మందం తోటకు నీళ్లు పట్టే పైపు పాటిదే. దాని నడుమ వెంట్రుకంత సన్నని గాజుపోగులుంటాయి. మాట కాంతిగా మారి వాటిలో పయనిస్తుంది. దారిలో ఆ కాంతి క్షీణించకుండా కొన్ని పదుల కిలోమీటర్లకొకటి చొప్పున దానికి బలాన్నిచ్చే పరికరాలను అమరుస్తారు. గల్ఫ్ నుంచి వచ్చే ఇలాంటి తీగలు ముంబయి తీరాన్ని చేరుతాయి. అక్కడి నుంచి నేలలోని కేబుళ్లు సమాచారాన్ని దేశమంతటికీ అందిస్తాయి.

ఇంతటి బాధ్యతను మోసే తీగ ఎంత సున్నితమైనదో 2008లో తెలిసివచ్చింది. ఆ ఏడాది జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో రెండు కేబుళ్లు తెగాయి. ఫిబ్రవరి 1న దుబాయి, ఒమన్‌ల మధ్య ఫాల్కన్ కేబుల్ తెగింది. దానిని తెంచినది సముద్రంలో వదిలివేసిన, టన్నుల బరువున్న ఒక లంగరు. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో, జిద్దా సమీపంలో కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు కూడా భారత్‌, గల్ఫ్ దేశాల్లో ఇంటర్నెట్ మందగించింది. తెగిన కేబుల్ రెండు కొసలను ఓడపైకి లాగి, గాజుపోగులను ఒక్కొక్కటిగా అతికి, తిరిగి నీటిలోకి దించాలి. అందుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

మనకు ఒక తీగ తెగితే మరో దారి ఉంటుంది. దీవులలో నివసించేవారికి మొన్నమొన్నటి దాకా తీగే లేదు. ఉపగ్రహం అందించే కొద్దిపాటి సామర్థ్యాన్నే అందరూ పంచుకోవలసి వచ్చేది. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన అండమాన్‌కు చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. ముస్లింలే అత్యధికంగా నివసించే లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి వేసిన కేబుల్ 2024 జనవరి 3న ప్రారంభమై, 11 దీవులను కలిపింది. జబ్బు ముదిరితే రోగిని సముద్రం దాటించి కొచ్చికి తరలించవలసిన చోట, వైద్యుని సలహా తెరపై అందడం చిన్న మేలు కాదు. చదువు కోసం ప్రధాన భూభాగానికి వెళ్లిన పిల్లలను తల్లిదండ్రులు చూడగలగడమూ అంతే.

ఈ సంగతులు తెలిసిన కుటుంబం ఒక జాగ్రత్త నేర్చుకోవాలి. పరదేశంలో ఉన్నవారి ఫోను ఒక రోజు కలవకపోతే, అది వారి నిర్లక్ష్యమని అనుమానించరాదు. కీడు జరిగిందని వదంతులు పుట్టించరాదు. ఎక్కడో ఒక లంగరు తీగను లాగి ఉండవచ్చు. వారితో పాటు గదిలో ఉండేవారి నంబరు, పనిచేసే చోటి నంబరు ఇంట్లో కాగితంపై రాసి ఉంచుకోవాలి. డబ్బు పంపే పనిని గడువు చివరి రోజు దాకా ఆపరాదు.

బంధుత్వాలను తెంచుకోరాదని, కలుపుకోవాలని ఇస్లాం గట్టిగా బోధిస్తుంది. ఆ కలుపుకోవడానికి నేడు మనకు లభించిన సాధనం ఈ సన్నని గాజుపోగు. తెగిన తీగను వెతికి అతికేందుకు ఓడలు సముద్రంలోకి వెళుతున్నాయి. తీగ చక్కగా ఉండి కూడా నెలల తరబడి పలకరించుకోని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మన మధ్య ఉన్నారు. ఆ మౌనాన్ని సరిచేయడానికి ఏ ఓడా రాదు. ఎవరో ఒకరు ముందుగా ఫోను చేయవలసిందే.