మురుగుకాలువలును వానిని గూర్చిన చట్టపు మాటలును

పట్టణపు వీధిలో నడచునపుడు మన పాదముల క్రింద గుండ్రని యినుప మూతలు కనబడుచుండును. వాని క్రింద నేమున్నదో యెఱుగని బాలుడు లేడు. తలచుకొనువారు మాత్రము కొలదిమంది. స్నానపు నీరు, వంటయింటి నీరు, పాయిఖానా నీరు అన్నియు గొట్టములగుండ పోయి యచ్చట గలియును. ఆ కాలువలను గూర్చిన చట్టములలో కొన్ని మాటలు గలవు. వాని యర్థము మాఱుటచే నొక మహానది చెడెను, వేలకొలది జనులు నశించిరి. ఈ సంగతి తెలియుటకు లండను నగర చరిత్ర మిక్కిలి యుపకరించును.

ఆంగ్లమున మురుగుకాలువకు 'సూయరు' అని పేరు. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, 1531వ సంవత్సరపు శాసనమునందు, పల్లపు నేలల వాననీటిని, ముంపునీటిని నదికి బంపు కాలువయే సూయరు. మలమును దానిలో విడుచుట నిషిద్ధము. లండను పౌరులు దానిని ఇంటి క్రింది గుంటలలో నిలువచేసి, రాత్రివేళ కూలివారిచే తీయించి పొలములకు ఎరువుగా నంపుచుండిరి. నీటితో కడుగు పాయిఖానాలు వ్యాపించినకొలదిని ఆ గుంటలు నిండి పొరలజొచ్చెను. 1815లో ఇంటి మురుగును సూయరులలోనికి విడుచుటకు అనుజ్ఞ దొరికెను. 1848 పిదప గుంటలను పూడ్చి గొట్టములను సూయరులకు గలుపుట విధి యయ్యెను. మొదట నిషేధము, తరువాత అనుజ్ఞ, ఆపైని విధి! కాలువలు మాత్రము పాతవే. అవి తిన్నగా థేమ్సు నదిలో పడుచుండెను. ఆ నదినీటినే జనులలో పెక్కుమంది త్రాగుచుండిరి. 1848-49లలో కలరాచే లండనున సుమారు 14,000 మంది మరణించిరి.

ఈ యేర్పాటు చేసినవారు దుష్టులు కారు. దుర్గంధమే రోగకారణమని నమ్మి, దానిని ఇండ్లనుండి తొలగింపనెంచిరి. 1854లో జాన్ స్నో అను వైద్యుడు కలరా నీటిద్వారా వచ్చునని చూపెను గాని, అధికారులు వెంటనే యొప్పుకొనలేదు. 1858 వేసవిలో నదికంపు భరింపరానిదై, పార్లమెంటు మందిరపు తెరలను బ్లీచింగు పొడి నీటిలో తడిపి వ్రేలాడగట్టిరి. ముక్కునకు తగిలినది బుద్ధికి త్వరగా తగులును గాబోలు; ఆ ఆగస్టులోనే చట్టము వెలువడెను. జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు 82 మైళ్ల పెద్ద యిటుక కాలువలు కట్టించి, మురుగును నగరమునకు తూర్పున నదిలో విడిపించెను. 1866లో కలరా మరల వచ్చినపుడు, ఈ కాలువల పని యింకను పూర్తికాని తూర్పు పేటలలోనే ఎక్కువ మంది చనిపోయిరి.

1875వ సంవత్సరపు ప్రజారోగ్య చట్టమునందు ఇంకొక భేదము గలదు. ఒక్క యింటి మురుగును గొనిపోవునది 'డ్రెయిను'. ఒకటికంటె నెక్కువ యిండ్లకు చెందినది 'సూయరు'. మొదటిదానిని బాగుచేయుట ఇంటివాని వంతు, రెండవదానిని బాగుచేయుట స్థానిక సంఘము వంతు. ఎవరి గొట్టము ఎవరి గొట్టముతో ఎచ్చట గలిసినదో నేల త్రవ్వినగాని తెలియదు గదా! న్యాయవాదులకు దీనివలన చాలకాలము భోజనము దొరికెను. 2011 అక్టోబరు 1న ఇంగ్లండు, వేల్సు దేశములలో అట్టి ఉమ్మడి గొట్టములలో చాలవఱకు నీటి కంపెనీల బాధ్యతలోనికి వచ్చినవి.

బాజల్జెట్ కాలువలలో వాననీరును మురుగును కలిసియే ప్రవహించును. గొప్ప వాన కురిసినపుడు అవి నిండి, ఇండ్లలోనికి పొంగకుండుటకై మిగిలిన నీటిని నదిలోనికి వదలును. 1991వ సంవత్సరపు ఐరోపా శాసనము 'అసాధారణ వర్షము' కురిసినపుడు మాత్రము దీనిని క్షమించెను. అయితే లండనులో సామాన్యపు జల్లునకే మురుగు నది చేరుచుండెను. అసాధారణ మనగా నెంత? ఈ తగవు ఐరోపా న్యాయస్థానము వఱకు పోయెను. తఱచుగా జరుగుదానిని అసాధారణ మనరాదని తలచి, ఆ న్యాయస్థానము 2012 అక్టోబరులో బ్రిటనుకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. ఆ మిగులునీటిని పట్టుటకై థేమ్సు క్రింద త్రవ్విన 25 కిలోమీటర్ల సొరంగము 2025 ఫిబ్రవరిలో పూర్తిగా పనిలోనికి వచ్చెను.

శుద్ధిచేసిన మురుగు ఎంత శుద్ధము కావలెను? మురికిని తిను సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చును; మురికి హెచ్చినచో చేపలకు వాయువు మిగులదు. కావున కొన్ని దినములలో ఆ జీవులు ఎంత ప్రాణవాయువును వాడునో కొలుతురు. 1912లో బ్రిటిషు రాజ్యసంఘమువారు దీనికి పదిలక్షల పాళ్లలో 20 పాళ్లు హద్దుగా పెట్టి, అయిదు దినముల పరీక్షను నిర్ణయించిరి. ఆ దేశపు నదులలో నీరు అయిదు దినములలో సముద్రము చేరునని వారి లెక్కయని చెప్పుదురు. నాసికమువద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు మన గోదావరికి ఆ లెక్క పొసగదు. మన దేశపు ఎండలో సూక్ష్మజీవులు వేగముగా పనిచేయుటచే, ఇచ్చటి నియమములలో 27 డిగ్రీల వేడిమిలో మూడు దినముల పరీక్ష యేర్పడెను. నదులలోనికి విడుచు నీటికి సాధారణపు హద్దు లీటరునకు 30 మిల్లీగ్రాములు.

తుదకు ఆ యినుప మూతను గూర్చి. దానిని 'మాన్‌హోలు' అందురు, అనగా మనుష్యుడు దిగు రంధ్రము. రక్షణ సాధనములు లేక మనుష్యుని మురుగుకాలువలోనికి దింపుటకు 2013వ సంవత్సరపు భారత చట్టము 'అపాయకరమైన శుద్ధి' అని పేరిడి నిషేధించెను. అట్లు దిగి మరణించినవాని కుటుంబమునకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించెను. ఆ యేడే కేంద్ర బడ్జెటు ప్రసంగములో, ఇకమీదట అది 'మషీన్‌హోలు' కావలెనని మంత్రిగారు పలికిరి. మాట మాఱినది, మూతలు మాత్రము పాతవే. వాని క్రింద హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పేరుకొనును. అది గాలికంటె బరువైనది గనుక అడుగున నిలిచియుండును. మొదట కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. హెచ్చినపుడు ముక్కు దానిని పసిగట్టలేదు. దిగినవాడు కంపు తగ్గినదని తలచి, ఇంకొక మెట్టు క్రిందికి దిగును.