నిద్రాణ అగ్నిపర్వతాలు - నేల వెలువరించే వాయువులు: ఒక పరిశీలన

1. ప్రవేశిక

అగ్నిపర్వతాలను క్రియాశీలాలు, నిద్రాణాలు, విలుప్తాలు అని మూడు తరగతులుగా విభజించి చెప్పడం పరిపాటి. ఈ విభజనకు విస్ఫోటనమే గీటురాయి. చాలాకాలంగా విస్ఫోటనం చెందక, మళ్ళీ చెందే అవకాశం ఉన్నదాన్ని నిద్రాణమంటున్నాం. అయితే శిలాద్రవం పైకి పొంగకపోయినా, దానిలో కరిగి ఉన్న వాయువులు పగుళ్ళ గుండా పైకి రావచ్చు. నిద్రించేవాడు శ్వాసించడం మానడు కదా! కాబట్టి ‘నిద్రాణ’ పదం విస్ఫోటనానికి వర్తించినట్లుగా వాయువులకు వర్తించదు. ఈ భేదాన్ని గుర్తించకపోతే కలిగే ప్రమాదాన్ని ప్రధానంగా అమెరికాలోని మామత్ పర్వతం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మామత్ పర్వతం: చెట్లు చెప్పిన సాక్ష్యం

కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఈ పర్వతం మంచుక్రీడలకు ప్రసిద్ధం. 1989లో కొన్ని నెలలపాటు దీని కింద చిన్నచిన్న భూకంపాలు వరుసగా సంభవించాయి. విస్ఫోటనం మాత్రం జరగలేదు. మరుసటి ఏడాది హార్స్‌షూ సరస్సు పరిసరాల్లో చెట్లు ఎండిపోవడం అటవీ సిబ్బంది దృష్టికి వచ్చింది. అనావృష్టి గాని, కీటకాలు గాని అందుకు కారణం కావని తేలింది. 1994లో శాస్త్రవేత్తలు అక్కడి మట్టిలోని వాయువును పరీక్షించారు. మామూలు నేలలో 1 శాతానికి మించని కార్బన్ డయాక్సైడ్, చెట్లు చచ్చినచోట 20 నుంచి 95 శాతం దాకా ఉంది. సుమారు 100 ఎకరాల అడవి ఈ విధంగా నశించింది.

ఆకులు ఆహారం తయారు చేసుకొనేది ఈ వాయువుతోనే కదా, అదే చెట్టును ఎలా చంపుతుందన్న సందేహం సహజం. ఆకుల సంగతి వేరు, వేళ్ళ సంగతి వేరు. వేళ్ళకు ఆక్సిజన్ కావాలి. మట్టి రంధ్రాల్లోని గాలిని కార్బన్ డయాక్సైడ్ తోసివేసినప్పుడు వేళ్ళు ఊపిరాడక చస్తాయి. 1989లో శిలాద్రవం కొంత పైకి చొచ్చుకురావడం వల్ల పగుళ్ళు తెరుచుకొని, లోతున చిక్కుకొని ఉన్న వాయువుకు దారి ఏర్పడిందని శాస్త్రవేత్తల వివరణ.

ఇందులో మరొక ఆసక్తికరమైన అంశముంది. భూగర్భం నుంచి వచ్చే కార్బన్‌లో రేడియోధార్మికమైన కార్బన్-14 ఉండదు. ఆ వాయువును పీల్చుతూ బతికిన చెట్ల వార్షిక వలయాల్లో కార్బన్-14 తగ్గుదలను కొలిచి, ఉద్గారం ఎప్పుడు మొదలైందో, ఏ ఏట ఎంత హెచ్చిందో పరిశోధకులు తెలుసుకోగలిగారు. శాసనాలను, తాళపత్రాలను కాలనిర్ణయానికి ఆధారం చేసుకొనే మనకు ఇది చెట్టు రాసిన శాసనంగా తోచడంలో వింత లేదు.

చలికాలంలో ప్రమాదం పెరుగుతుంది. మంచు మూతలాగా పనిచేసి, దాని కింద వాయువు పోగుపడుతుంది. 2006 ఏప్రిల్‌లో ఆవిరి వెలువడే ఒక రంధ్రం వద్ద కంచె సరిచేస్తున్న భద్రతాసిబ్బందిలో ఇద్దరు మంచు కుంగి లోపల పడిపోయారు. కాపాడడానికి దిగిన మూడో వ్యక్తి కూడా ప్రాణాలు కోల్పోయాడు.

3. పల్లం, దీపం, ఒక పదం

కార్బన్ డయాక్సైడ్ గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. అందువల్ల నీటిలాగా పల్లానికి చేరుతుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గరి ‘కుక్క గుహ’లో పూర్వం యాత్రికులకు ఒక క్రూరమైన వినోదం చూపేవారు. నిలబడిన మనిషికి ఏమీ కాదు, అతని కాళ్ళ దగ్గరి కుక్క స్పృహ తప్పుతుంది. రెండు ప్రాణాల మధ్య తేడా ఎత్తు మాత్రమే. జావా ద్వీపంలోని డియెంగ్ పీఠభూమిలో 1979 ఫిబ్రవరి 20న నీటిఆవిరి పేలుళ్ళకు బెదిరి పారిపోతున్న గ్రామస్థులు, దారిలో నేలబారుగా పరుచుకొన్న ఈ వాయువులో చిక్కుకొన్నారు. 140 మందికి పైగా మరణించారు. వారు పేలుడుకు దూరంగా పోతూ కంటికి కనిపించని ప్రమాదానికి ఎదురువెళ్ళారు.

ఇటువంటి సంఘటనలను తెలుగులో రాసేటప్పుడు ‘విషవాయువు’ అనే మాట అలవాటుగా పడుతుంది. ఆ మాట వినగానే పాఠకుడు ఘాటైన వాసనను ఊహిస్తాడు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, హెచ్చరించే వాసనా లేదు. అగ్నిపర్వత ప్రాంతాల్లో వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన గుడ్ల వాసన ఉన్నా, గాలిలో అది పదిలక్షల భాగాలకు 100 భాగాలు దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది. వాసన తగ్గినంతమాత్రాన వాయువు తగ్గినట్లు కాదు. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ‘ఊపిరాడనివ్వని వాయువు’ అనడం కొంత మేలు. అయితే అదీ పూర్తిగా సరిపోదు. ఆక్సిజన్ కొరతతో నిమిత్తం లేకుండానే ఈ వాయువు నాడీమండలాన్ని నేరుగా దెబ్బతీస్తుంది.

ఈ చివరి అంశం మన ఊళ్ళకూ సంబంధించినదే. మన దగ్గర నిద్రాణ అగ్నిపర్వతం అవసరం లేదు, పాడుబడ్డ బావి చాలు. పూడిక తీయడానికి దిగేముందు లోపలికి దీపం దించి చూసే అలవాటు ఉంది. దీపం ఆరితే దిగకూడదన్నది నిజమే. ఆరకపోతే దిగవచ్చన్నది మాత్రం నిజం కాదు. గాలిలో 10 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసినా ఆక్సిజన్ ఇంకా 19 శాతానికి దగ్గరగా ఉంటుంది. దీపం వెలుగుతూనే ఉండవచ్చు, మనిషి మాత్రం నిమిషాల్లో స్పృహ కోల్పోతాడు. అందుకే కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా కొలిచే పరికరం కావాలి.