గర్భిణులు సోయా పాలు తాగొచ్చా?

వేవిళ్ల రోజుల్లో కొందరికి పాల వాసనే పడదు. ఇంకొందరికి పాలు తాగగానే కడుపు ఉబ్బరం, విరేచనాలు. ‘పాలు తాగకపోతే బిడ్డకు బలం ఎలా వస్తుంది?’ అని ఇంట్లో పెద్దవాళ్ల బెంగ. దీంతో సోయా పాల వైపు చూస్తారు. అంతలోనే మరో అనుమానం. ‘సోయాలో హార్మోన్లు ఉంటాయటగా, కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందేమో!’

సోయా అలర్జీ లేని గర్భిణులు రోజుకు ఒకటి, రెండు కప్పుల సోయా పాలు నిశ్చింతగా తాగొచ్చు. అయితే వీటితో పాల లోటు పూర్తిగా తీరుతోందా, వేసుకునే మాత్రలకు ఇవి అడ్డు పడుతున్నాయా అన్నది తప్పకుండా చూసుకోవాలి.

హార్మోన్ల భయం ఎందుకు?

సోయా గింజల్లోని ఐసోఫ్లేవోన్ల నిర్మాణం ఈస్ట్రోజెన్‌ హార్మోన్‌ను పోలి ఉంటుంది. కానీ మన ఒంట్లోని ఈస్ట్రోజెన్‌తో పోలిస్తే వీటి ప్రభావం చాలా తక్కువ. జంతువులకు పెద్ద మోతాదులో ఇచ్చిన ప్రయోగాల్లో కొన్ని దుష్ప్రభావాలు కనిపించటంతో ఈ భయం మొదలైంది. ఆహారంగా మితంగా తీసుకుంటే బిడ్డకు హాని జరుగుతుందనటానికి గట్టి ఆధారాలు లేవు. చైనా, జపాన్‌లలో సోయా తరతరాలుగా రోజువారీ తిండి. ఐసోఫ్లేవోన్ల మాత్రలు మాత్రం గర్భిణులు వాడొద్దు. వీటిలో మోతాదు చాలా ఎక్కువ.

క్యాల్షియం సంగతి చూడండి

కప్పు సోయా పాలతో సుమారు 7 గ్రాముల ప్రొటీన్‌ లభిస్తుంది. ఇది దాదాపు ఆవు పాలతో సమానం. లాక్టోజ్‌ ఉండదు కాబట్టి పాలు అరగనివారికీ సరిపడతాయి. చిక్కల్లా క్యాల్షియంతోనే. కప్పు ఆవు పాలలో సుమారు 300 మి.గ్రా. క్యాల్షియం ఉంటే, విడిగా క్యాల్షియం కలపని సోయా పాలలో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. గర్భిణికి రోజుకు 1000 మి.గ్రా. కావాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు. సోయాలో విటమిన్‌ బి12 కూడా సహజంగా ఉండదు. పాలు పూర్తిగా మానేసిన శాకాహారులకు ఇది పెద్ద లోటే.

* క్యాల్షియం, బి12, విటమిన్‌ డి కలిపిన ‘ఫోర్టిఫైడ్‌’ రకం ఎంచుకోండి. క్యాల్షియం అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్యాకెట్‌ను బాగా కుదిపి తాగాలి.
* చక్కెర కలపనివి మేలు. గర్భిణి మధుమేహం ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం.
* పాలు పడకపోయినా పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి. రాగి జావ, నువ్వులూ క్యాల్షియానికి తోడ్పడతాయి.

మాత్రలతో కలపొద్దు

సోయా థైరాయిడ్‌ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుకోగలదు. గర్భంతో ఉన్నప్పుడు థైరాయిడ్‌ మోతాదు తప్పితే బిడ్డ మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడొచ్చు. కాబట్టి మాత్రకూ సోయా పాలకూ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఐరన్‌ మాత్రకైతే 2 గంటలు చాలు. దీన్ని నిమ్మరసంతో వేసుకుంటే ఐరన్‌ ఇంకా బాగా ఒంటబడుతుంది.

ఇంట్లో చేసుకుంటే...

రాత్రంతా నానబెట్టిన గింజలను రుబ్బి, వడకట్టి కాచుకోవచ్చు. అయితే ఈ పాలు మరగకముందే నురగతో పొంగుతాయి. పొంగింది కదా అని దించేయొద్దు. మంట తగ్గించి, కలుపుతూ మరో 10-15 నిమిషాలు మరిగించాలి. సరిగా కాగకపోతే పచ్చి సోయాలోని పదార్థాలు ప్రొటీన్‌ను అరగనీయవు. వికారం, వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఇంట్లో చేసిన పాలకు క్యాల్షియం కలపం కాబట్టి ఆ లోటును వేరేగా పూడ్చుకోవాలి.

ఎప్పుడు మానాలి?

తాగాక దురద, దద్దుర్లు, పెదవుల వాపు వస్తే వెంటనే ఆపేసి డాక్టరును కలవాలి. ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పాలు మానేసి సోయాకు మారినట్లయితే ఆ సంగతి తర్వాతి చెకప్‌లో తప్పకుండా చెప్పండి. క్యాల్షియం, బి12 మాత్రల అవసరాన్ని డాక్టరు చూసి నిర్ణయిస్తారు.