సి భాష – ప్రమాణ రచన

భాష ముందు పుడుతుంది. దాని నియమాలను గ్రంథస్థం చేసే వ్యాకరణం తరువాత వస్తుంది. నన్నయ భారత రచన పదకొండవ శతాబ్దిలో జరిగింది. తెలుగులోనే తెలుగుకు వ్యాకరణం చెప్పిన కేతన పదమూడవ శతాబ్దివాడు. మనుషులు యంత్రాలకు ఆజ్ఞలివ్వడానికి కల్పించుకున్న ప్రోగ్రామింగ్ భాషలలోనూ ఇదే క్రమం తరచుగా కనిపిస్తుంది. అందుకు మంచి నిదర్శనం 'సి' భాష.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1970వ దశకం తొలి సంవత్సరాలలో ఈ భాషను రూపొందించాడు. యునిక్స్ అనే నిర్వహణ వ్యవస్థను రాసుకోవడమే నాటి అవసరం. 1978లో బ్రయాన్ కెర్నిఘన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం కొన్నేళ్లపాటు ఆ భాషకు వ్యాకరణంగా చెలామణి అయింది. అయితే అది పాఠకునికి భాష నేర్పే పుస్తకం. ప్రతి సందేహానికీ తీర్పు చెప్పే శాసనం కాదు. ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. పుస్తకం మౌనం వహించిన చోటల్లా కంపైలర్ తయారుచేసేవారు తమకు తోచిన అర్థం చెప్పుకున్నారు. ఫలితంగా ఒక యంత్రం మీద సరిగా నడిచిన ప్రోగ్రాము మరొక దానిమీద తప్పు జవాబు ఇవ్వసాగింది.

ఈ చిక్కును తీర్చడానికి అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1983లో ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం ఆరేళ్లు శ్రమించగా, 1989 డిసెంబరులో ప్రమాణానికి ఆమోదం లభించింది. మరుసటి ఏడు జెనీవాలోని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దానిని 9899 అనే సంఖ్యతో స్వీకరించింది. ప్రమాణం అంటే కేవలం నియమాల పట్టిక అనుకోరాదు. అది ప్రోగ్రాము రాసేవారికీ కంపైలర్ నిర్మించేవారికీ నడుమ కుదిరిన ఒడంబడిక. అప్పటికే లోకంలో ఉన్న ప్రోగ్రాములను కాపాడాలి, అవసరమైతే కంపైలర్లే మారాలి అన్నది ఆ సంఘం పెట్టుకున్న ప్రధాన సూత్రం. వినడానికి సులువైన ఈ సూత్రం ఆచరణలో ఎంత కష్టమో 'గెట్స్' కథ చెబుతుంది.

'గెట్స్' అనేది ఒక వాక్యాన్ని చదివి మెమరీలో భద్రపరిచే ఫంక్షన్. పాత్ర ఎంత పెద్దదో దానికి తెలియదు. పోసినంతా పోసుకుంటూ పోతుంది. 1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు విడిచిపెట్టిన 'వార్మ్' ఈ లోపాన్ని కూడా ఒక దారిగా వాడుకొని ఇంటర్నెట్‌లో వ్యాపించింది. 512 బైట్ల స్థలం కేటాయించిన చోట అది 536 బైట్లు పంపింది. పొర్లిన బైట్లు పక్కనున్న మెమరీని ఆక్రమించి, యంత్రాన్ని వార్మ్ చెప్పినట్లు నడిపించాయి. దాదాపు 6,000 కంప్యూటర్లు దీని బారిన పడ్డాయని నాటి అంచనా.

అయినా మరుసటి ఏడు వెలువడిన ప్రమాణంలో 'గెట్స్' చోటు పదిలంగానే ఉంది. అది చిరకాలంగా వాడుకలో ఉన్నదనీ, వచ్చే సమాచారం ప్రోగ్రాము రాసేవాని అదుపులో ఉన్నప్పుడు అక్కరకు వస్తుందనీ సంఘం సమాధానం చెప్పింది. 1999 నాటి రెండవ కూర్పులోనూ అది నిలిచింది. చివరకు 2011 కూర్పులో తొలగించారు. అంటే వార్మ్ నేర్పిన పాఠానికి, ప్రమాణంలోని దిద్దుబాటుకు మధ్య ఇరవై మూడేళ్లు గడిచాయి. ఈ ఆలస్యాన్ని నేను సమర్థించలేను. కాని ఒక్క మాట తీసివేస్తే ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రాము ఆగిపోతుందన్న భయం నిరాధారమైనదని కూడా అనలేను.

కొత్త పదాన్ని చేర్చడంలోనూ ఇంతే జాగ్రత్త. నిజమా, అబద్ధమా అన్న విలువను తెలిపే 'బూల్' అనే పేరును ఎందరో ప్రోగ్రామర్లు తమంతట తామే నిర్వచించుకొని వాడుతున్నారు. దానినే భాషాపదంగా ప్రకటిస్తే వారి రాతలు చెడిపోతాయి. అందుచేత 1999లో ముందు ఒక అండర్‌స్కోర్, తరువాత పెద్ద అక్షరం ఉండే వికారమైన పేరును చేర్చారు. అటువంటి పేర్లు ముందునుంచీ ప్రమాణానికీ కంపైలర్లకూ ప్రత్యేకించినవి. 'బూల్' కావాలనుకున్నవారు మాత్రం వేరే ఫైలు ద్వారా దానిని తెచ్చుకోవచ్చు. 2024లో ప్రచురితమైన కూర్పుతో గాని 'బూల్' నేరుగా భాషలోకి రాలేదు.

ఈ మార్పులను చర్చించే నిపుణులకు అంతర్జాతీయ సంస్థ జీతమివ్వదు. వారిలో కంపెనీల ఉద్యోగులూ ఉన్నారు, ఆచార్యులూ ఉన్నారు. తుది ముసాయిదాపై దేశానికి ఒక ఓటు. మన దేశం పక్షాన ఆ సంస్థలో సభ్యత్వం ఉన్నది భారతీయ ప్రమాణాల సంస్థకు.

ఈ భాషలో తెలుగు రాయవచ్చునా అని విద్యార్థులు అడగవచ్చు. రాయవచ్చు. ప్రపంచ లిపులకు బైట్ల రూపమిచ్చే యూటీఎఫ్-8 పద్ధతికి 2011 కూర్పులో చోటు దొరికింది. అందులో తెలుగు సంకేతం ఒక్కొక్కటికి మూడు బైట్లు పడుతుంది. 'అమ్మ' అన్న మాటలో అకారం, మకారం, పొల్లు, మరల మకారం అని నాలుగు సంకేతాలున్నాయి. పొడవును కొలిచే పాత ఫంక్షన్ 'స్ట్ర్‌లెన్'ను అడిగితే, మన ఛందస్సు రెండక్షరాలుగా లెక్కించే ఆ మాటకు పన్నెండు అని జవాబిస్తుంది. అది బైట్లను మాత్రమే లెక్కిస్తుంది. అలా లెక్కిస్తుందన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాములు అసంఖ్యాకంగా ఉన్నాయి కనుక దాని అర్థాన్ని మార్చలేదు. తెలుగు అక్షరాలను లెక్కించదలచినవారు అందుకు వేరే ఫంక్షన్ రాసుకోవలసిందే.